రాయి ఎక్కాలా, దారి నడవాలా?
ఆర్‌సీ క్రాలర్ బండ్లలో గేర్ల లెక్క

రిమోట్ కారు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వేగం. మైదానంలో దుమ్ము లేపుతూ దూసుకుపోవడం, మలుపులో పల్టీ కొట్టడం. కానీ రిమోట్ బండ్లలో ఇంకో జాతి ఉంది. అది పరుగెత్తదు, పాకుతుంది. తన చక్రం కంటే ఎత్తున్న రాయి ఎదురైతే ముందు చక్రాన్ని నెమ్మదిగా ఆనించి, పట్టు దొరికించుకుని, ఒళ్ళంతా పైకి లాక్కుంటుంది. దీన్నే రాక్ క్రాలర్ అంటారు. దీనికి దగ్గరి చుట్టం ట్రెయిల్ ట్రక్కు. చూడటానికి జీపులా, జిప్సీలా ఉండి, మనం నడుస్తుంటే మన పక్కనే కాలిబాట మీద నడిచే బండి అది.

ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చాలాసార్లు లోపలి చట్రం, మోటారు కూడా ఒకటే. తేడా అంతా గేర్లలో ఉంటుంది. ఒక్క చిన్న ఇనుప గేరు మారిస్తే బండి స్వభావమే మారిపోతుంది. ఆ మార్పు వల్ల ఏం వస్తుందో, దానికి బదులుగా ఏం పోతుందో ఈ వ్యాసంలో లెక్కలతో సహా చూద్దాం. ఇందులో వాడే గణితం ఆరో తరగతి నిష్పత్తులు, క.సా.గు. మాత్రమే. భౌతికశాస్త్రం తొమ్మిది, పది తరగతుల్లో అందరం చదివేదే.

క్రాలర్ల గురించి రెండు ముక్కలు

ఎక్కువ క్రాలర్లు 1:10 స్కేలులో వస్తాయి. అంటే కొలతల్లో అసలు వాహనంలో పదో వంతు. బరువు రెండు నుంచి మూడు కిలోలు. యాక్సియల్ కంపెనీ ఎస్‌సీఎక్స్10, ట్రాక్సస్ కంపెనీ టీఆర్ఎక్స్-4 ఈ తరగతిలో బాగా పేరున్నవి. అరచేతిలో పట్టే 1:24 స్కేలు బండ్లు కూడా ఉన్నాయి. చిన్న క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు నాలుగు పుస్తకాలు, ఒక దిండు పేర్చి కొండలా చేసుకుని వాటిని ఆడించుకోవచ్చు.

పెద్దదైనా చిన్నదైనా నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. సాధారణ కారులో మలుపు తిరిగేటప్పుడు ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. క్రాలర్లలో దాన్ని మామూలుగా లాక్ చేసి ఉంచుతారు. లేకపోతే గాలిలో లేచిన చక్రం ఊరికే గిరగిర తిరుగుతుంది, నేలను తాకిన చక్రం కదలదు.

గేరు ఇచ్చేది, తీసుకునేది

గేరు సైకిలు ఉన్నవాళ్ళకు ఈ సంగతి కాళ్ళకే తెలుసు. వెనక పెద్ద పళ్ళ చక్రం మీదకు గొలుసు వేస్తే ఎంత ఎత్తయినా తేలిగ్గా ఎక్కవచ్చు. కానీ కాళ్ళు చకచకా తిప్పినా సైకిలు మెల్లగానే కదులుతుంది. చిన్న చక్రం మీదకు వేస్తే చదును మీద దూసుకుపోతుంది, ఎత్తు వస్తే తొక్కలేం.

క్రాలర్‌లోనూ ఇదే సూత్రం. మోటారు చాలా వేగంగా, కానీ తక్కువ బలంతో తిరుగుతుంది. చక్రానికి కావలసింది దానికి తలకిందులు, అంటే తక్కువ వేగం, ఎక్కువ బలం. తిప్పే బలాన్ని టార్క్ అంటాం. గేర్లు వేగాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తే టార్క్ అన్ని రెట్లు పెరుగుతుంది (గేర్ల రాపిడిలో కొంత పోగా). గేరు కొత్తగా శక్తిని పుట్టించదు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేస్తుంది, అంతే. అందుకే గేర్ల దగ్గర ఉచితంగా దొరికేది ఏదీ లేదు.

మొత్తం నిష్పత్తి ఎలా కట్టాలి?

క్రాలర్‌లో మోటారు నుంచి చక్రం వరకు సాధారణంగా మూడు మెట్లు ఉంటాయి.

మొదటి మెట్టు: మోటారు షాఫ్ట్ మీద ఉండే చిన్న గేరు, అంటే పినియన్. అది తిప్పే పెద్ద గేరు పేరు స్పర్.
రెండో మెట్టు: గేర్‌బాక్సు లోపలి గేర్లు.
మూడో మెట్టు: ముందు, వెనక ఇరుసుల్లో ఉండే గేర్లు.

ఈ మూడింటి నిష్పత్తులను గుణిస్తే మొత్తం నిష్పత్తి వస్తుంది. ఒక ఉదాహరణ బండి తీసుకుందాం. స్పర్‌కు 56 పళ్ళు, పినియన్‌కు 14 పళ్ళు. 56 ÷ 14 = 4. గేర్‌బాక్సు నిష్పత్తి 2.6. ఇరుసులో 30 పళ్ళ గేరును 8 పళ్ళ గేరు తిప్పుతుంది, అంటే 3.75. మొత్తం 4 × 2.6 × 3.75 = 39. మోటారు 39 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్న మాట.

ఇప్పుడు వేగం చూద్దాం. మోటారు పూర్తి వేగం నిమిషానికి 12,000 చుట్లు అనుకుందాం. టైరు వ్యాసం 120 మి.మీ. అంటే ఒక చుట్టుకు బండి సుమారు 37.7 సెం.మీ. ముందుకు పోతుంది. 12,000ను 39తో భాగిస్తే చక్రం నిమిషానికి దాదాపు 308 చుట్లు తిరుగుతుంది. అంటే గంటకు సుమారు 7 కి.మీ.

పినియన్ ఒక్కటే మారుస్తూ ఇదే లెక్క మళ్ళీ చేస్తే ఇలా వస్తుంది:

పినియన్ 10 పళ్ళు: మొత్తం నిష్పత్తి 54.6, వేగం గంటకు సుమారు 5 కి.మీ.
పినియన్ 12 పళ్ళు: మొత్తం నిష్పత్తి 45.5, వేగం గంటకు సుమారు 6 కి.మీ.
పినియన్ 14 పళ్ళు: మొత్తం నిష్పత్తి 39, వేగం గంటకు సుమారు 7 కి.మీ.
పినియన్ 16 పళ్ళు: మొత్తం నిష్పత్తి 34.1, వేగం గంటకు సుమారు 8 కి.మీ.

ఈ బండిలో పినియన్‌కు ఒక పన్ను కలిపితే గంటకు అర కిలోమీటరు వేగం కలుస్తుంది, ఒక పన్ను తీస్తే అర కిలోమీటరు పోతుంది. మీ బండికి అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. పళ్ళు ఓపికగా లెక్కపెట్టి ఒక కాగితం మీద వేసుకుంటే సరిపోతుంది.

పినియన్ చిన్నదైతే బలం ఎక్కువ, వేగం తక్కువ. పెద్దదైతే బలం తక్కువ, వేగం ఎక్కువ. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే దుకాణంలో ఎవరూ మనల్ని తికమక పెట్టలేరు.

బలం ఎంత కావాలి?

"బలం ఎక్కువైతే ఎంత నిటారు రాయైనా ఎక్కేస్తుంది కదా, మరి అందరూ అతి చిన్న పినియనే ఎందుకు పెట్టుకోరు?" ఈ ప్రశ్న అందరికీ వస్తుంది. సమాధానం మోటారులో లేదు, టైరు కింద ఉంది.

మన ఉదాహరణ బండి బరువు 2.5 కిలోలు అనుకుందాం. భూమి దాన్ని సుమారు 25 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది. 45 డిగ్రీల వాలు ఎక్కాలంటే వాలు వెంబడి దాదాపు 17.5 న్యూటన్ల బలం కావాలి. టైరు వ్యాసార్థం 0.06 మీటరు కాబట్టి చక్రాలన్నిటి దగ్గర కలిపి కావలసిన టార్క్ 17.5 × 0.06, అంటే సుమారు 1.05 న్యూటన్ మీటర్లు. నిష్పత్తి 39 అయితే మోటారు ఇవ్వాల్సింది అందులో 39వ వంతు, సుమారు 0.027. నిష్పత్తి 54.6 అయితే సుమారు 0.019. రాపిడి వల్ల అసలు బండిలో ఇంకాస్త ఎక్కువే కావాలి.

ఇప్పుడు ఘర్షణ సంగతి. టైరుకూ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 1 అనుకుంటే, పట్టు నిలిచేది సరిగ్గా 45 డిగ్రీల వరకే. ఆ పైన మోటారు ఎంత బలం చూపించినా టైరు ఉన్నచోటే తిరుగుతుంది, బండి పైకి పోదు. 14 పళ్ళ పినియన్‌తోనే మోటారు ఆ 0.027ను సులువుగా ఇవ్వగలిగితే, 10 పళ్ళ పినియన్ పెట్టినంత మాత్రాన బండి ఒక్క డిగ్రీ కూడా అదనంగా ఎక్కదు. ఎక్కే హద్దును నిర్ణయించేది టైరు మెత్తదనం, బరువు ఏ చక్రం మీద ఎంత పడుతుంది అన్నవే.

మరి చిన్న పినియన్ వల్ల లాభం ఏమిటి? రెండు లాభాలున్నాయి. ఒకటి నిదానం, రెండోది చల్లదనం.

నిదానమే ప్రధానం

మోటారుకు గరిష్ఠ వేగం ఉన్నట్టే కనిష్ఠ వేగం కూడా ఉంటుంది. దానికంటే తక్కువలో అది సాఫీగా తిరగదు, ఆగి ఆగి కుదుపుతుంది. మన మోటారు నిమిషానికి 600 చుట్ల దగ్గర సాఫీగా తిరగడం మొదలుపెడుతుంది అనుకుందాం. 14 పళ్ళ పినియన్‌తో అప్పుడు బండి సెకనుకు దాదాపు 10 సెం.మీ. కదులుతుంది. 10 పళ్ళతో సుమారు 7 సెం.మీ. కాగితం మీద ఇది చిన్న తేడా. రాతి అంచు మీద టైరు పట్టు దొరికించుకుంటున్న క్షణంలో ఇది చాలా పెద్ద తేడా. కుదిపితే పట్టు జారుతుంది, బండి వెల్లకిలా పడుతుంది.

దిగేటప్పుడు కూడా ఇదే ఉపయోగం. తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్లలో దిగే లారీలు, బస్సులు చిన్న గేరులో ఎందుకు దిగుతాయో మీరు గమనించే ఉంటారు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. క్రాలర్లలో ఈ పని మోటారు చేస్తుంది. ట్రిగ్గరు వదలగానే ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం, మోటారునే బ్రేకుగా మారుస్తుంది. దీన్ని డ్రాగ్ బ్రేక్ అంటారు. వాలు మీద చక్రం వెనక్కి తిరగాలంటే గేర్లన్నిటినీ దాటి మోటారును అన్ని రెట్లు వేగంగా తిప్పాలి. నిష్పత్తి ఎంత పెద్దదైతే చక్రానికి అది అంత కష్టం. అందుకే ఎక్కువ నిష్పత్తి ఉన్న బండి వాలు మీద బల్లిలా అతుక్కుని నిలబడుతుంది.

అసలు జీపుల్లో, జిప్సీల్లో ఉండే "ఫోర్-లో" లివరు చేసే పని కూడా ఇదే. కంటోన్మెంటుల్లో పెరిగిన మిత్రులు నాన్నగారినో అమ్మగారినో అడిగితే దాన్ని ఎక్కడ వాడతారో ఇంతకంటే బాగా చెబుతారు.

వేడి లెక్క

ఇక చల్లదనం. మోటారు ఇచ్చే టార్క్ దానిలో పారే కరెంటును బట్టి ఉంటుంది. రెట్టింపు టార్క్ కావాలంటే దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. తీగలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. జౌల్ నియమంగా పాఠంలో చదివేది ఇదే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఒకే వాలును 14 పళ్ళతో, 10 పళ్ళతో ఎక్కినప్పుడు పోల్చి చూద్దాం. 10 పళ్ళతో మోటారు ఇవ్వాల్సిన టార్క్ 14లో 10 వంతులు, అంటే ఏడింట అయిదు. కరెంటు కూడా దాదాపు ఏడింట అయిదు. వేడి దాని వర్గం, అంటే 49లో 25. ఇది దాదాపు సగం! పినియన్‌లో నాలుగు పళ్ళు తగ్గితే, ఒకే వాలు మీద ప్రతి సెకనుకూ మోటారు తీగలో పుట్టే వేడి సగానికి పడిపోతుంది. అయితే బండి నెమ్మదిగా వెళ్తే ఎక్కడానికి ఎక్కువ సెకన్లు పడుతుంది. అందుకని మొత్తం లాభం సగం కంటే తక్కువ ఉండవచ్చు. అయినా లాభమే.

మోటారుకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రాళ్ళ మధ్య ఇరుక్కుని చక్రాలు కదలనప్పుడు. మోటారు తిరగడం లేదు, కరెంటు మాత్రం పారుతోంది. పని జరగడం లేదు కాబట్టి వచ్చిన శక్తి అంతా వేడిగానే మారుతుంది. అలాంటప్పుడు ట్రిగ్గరు గట్టిగా నొక్కిపట్టడం బలం అనిపించుకోదు, మోటారును కాల్చడం అవుతుంది. వెంటనే వదిలి, వెనక్కి తీసుకుని, వేరే దారి వెతకాలి. పాలిటెక్నిక్ పిల్లలైనా పదో తరగతి పిల్లలైనా మోటారు కొనేది జేబు డబ్బుతోనే కదా. మే నెలలో రెంటచింతల ఎండలో ఆడితే గాలే మండుతుంటుంది, ఇక మోటారును చల్లార్చేది ఏముంటుంది? పది నిమిషాలకోసారి ఆపి మోటారు మీద వేలు జాగ్రత్తగా ఆనించి చూడాలి. మూడు సెకన్లు కూడా వేలు ఉంచలేకపోతే బండిని పక్కన పెట్టాలి.

నడిచే దారి కోరేది వేరు

ఇంతవరకు చదివితే 10 పళ్ళే మంచివని అనిపిస్తుంది. ఇప్పుడు ట్రెయిల్ ట్రక్కు పక్షాన మాట్లాడదాం.

మనిషి మామూలుగా గంటకు 5 కి.మీ. వేగంతో నడుస్తాడు. 10 పళ్ళ పినియన్ ఉన్న బండి గరిష్ఠ వేగం కూడా అంతే. అంటే మనతోపాటు నడవాలంటే ఆ బండి ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరగాలి. మోటారు కీచుమంటూనే ఉంటుంది. ఎత్తు వస్తే వెనకబడుతుంది. మిత్రులు నలుగురూ ముందు వెళ్ళిపోయి చెట్టు కింద కూర్చుంటే మనం మాత్రం బండి కోసం ఎదురుచూస్తూ నిలబడాలి.

రెండో కారణం ఇసుక, బురద. రాయి మీద టైరు నెమ్మదిగా పట్టుకోవాలి. బురదలో అయితే టైరు గట్ల మధ్య మట్టి నిండి టైరు నున్నగా అయిపోతుంది. చక్రం వేగంగా తిరిగితేనే ఆ మట్టి విసిరేసినట్టు బయటకు పోయి గట్లు మళ్ళీ పట్టుకుంటాయి. మెత్తటి ఇసుకలో కూడా కొంచెం ఊపు ఉండాలి. నెమ్మదిగా తిరిగే చక్రం ఉన్నచోటే గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది. రాతి మీద కూడా ఒక్కోసారి చివరి అంచు దాటడానికి చిన్న ఊపు అవసరం. ఆ క్షణాన చక్ర వేగం లేని బండి అక్కడే ఆగిపోతుంది.

అందుకే ట్రెయిల్ బండికి మన ఉదాహరణలో 14 నుంచి 16 పళ్ళు, రాళ్ళ బండికి 10 నుంచి 12 పళ్ళు నప్పుతాయి. రెండూ ఒకే బండితో చేయాలనుకుంటే 12 లేదా 13 దగ్గర రాజీ పడాలి. అది రెండు పనులూ చేస్తుంది, కానీ దేనిలోనూ మొదటి బహుమతి తెచ్చుకోదు.

"రెండు వేగాల గేర్‌బాక్సు ఉంటే ఈ గొడవే ఉండదు కదా" అనవచ్చు. నిజమే, టీఆర్ఎక్స్-4 లాంటి బండ్లలో రిమోట్ మీది స్విచ్చుతోనే హై, లో మార్చవచ్చు. కానీ దానికి ఒక సర్వో మోటారు, కొన్ని అదనపు గేర్లు కావాలి. బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, చెడిపోయే భాగాలూ పెరుగుతాయి. ఇక్కడా ఉచితం లేదు!

తగ్గింపు ఎక్కడ జరగాలి?

మొత్తం నిష్పత్తి ఒకటే అయినా, ఆ తగ్గింపు ఎక్కడ జరిగిందన్నది కూడా ముఖ్యమే. చాలామంది దీన్ని పట్టించుకోరు.

గేర్‌బాక్సు నుంచి ఇరుసులకు బలాన్ని మోసుకెళ్ళేవి రెండు పొడవాటి షాఫ్టులు. తగ్గింపు ఎక్కువ భాగం గేర్‌బాక్సు దగ్గరే జరిగితే ఆ షాఫ్టులు ఎక్కువ టార్క్ మోయాలి. అప్పుడు ట్రిగ్గరు నొక్కగానే షాఫ్టు మెలి ప్రభావంతో బండి చట్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక టైరు మీద బరువు తగ్గి పట్టు పోతుంది. నిటారు వాలు మీద బండ్లు ఎప్పుడూ ఒకే వైపుకు దొర్లడానికి ఒక కారణం ఇదే.

తగ్గింపును ఇరుసు వైపు జరిపితే షాఫ్టుల మీద భారం తగ్గుతుంది. మన బండిలో షాఫ్టు వరకు తగ్గింపు 4 × 2.6 = 10.4. ఇరుసు వైపు నిష్పత్తిని 3.75 నుంచి 7.5కు పెంచి, షాఫ్టు వరకు 5.2తో సరిపెడితే మొత్తం అదే 39. కానీ షాఫ్టు మోసే టార్క్ సగమే. పోర్టల్ ఇరుసులు చేసే మేలు ఇది. వీటిలో ప్రతి చక్రం దగ్గర ఒక జత గేర్లు ఉంటాయి. అవి చివరి తగ్గింపు చేయడమే కాక ఇరుసు గొట్టాన్ని చక్రం మధ్య కంటే ఎత్తులో ఉంచుతాయి. కింద రాయి తగలకుండా ఖాళీ పెరుగుతుంది. జర్మనీలో పుట్టిన ఉనిమోగ్ లారీలు ఈ పద్ధతికి పేరు పొందాయి. టీఆర్ఎక్స్-4లోనూ ఇవే ఉన్నాయి. బదులుగా గేర్ల జతలు పెరుగుతాయి, రాపిడి పెరుగుతుంది, శుభ్రం చేసి గ్రీజు పెట్టాల్సిన చోట్లు పెరుగుతాయి.

ఇరుసుల్లోనే ఇంకో కిటుకు ఉంది, పేరు ఓవర్‌డ్రైవ్. ముందు ఇరుసులో కొంచెం తక్కువ నిష్పత్తి పెట్టి ముందు చక్రాలు వెనక చక్రాల కంటే కాస్త వేగంగా తిరిగేలా చేస్తారు. ఉదాహరణకు వెనక 38 ÷ 13, అంటే 2.92. ముందు 36 ÷ 14, అంటే 2.57. ముందు చక్రాలు సుమారు 14 శాతం వేగంగా తిరుగుతాయి. బండిని ముందు చక్రాలు లాగుతున్నట్టు ఉంటుంది, మలుపు కూడా చిన్నదవుతుంది. కానీ పట్టు ఎక్కువున్న సిమెంటు నేల మీద ముందు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. టైర్లు అరుగుతాయి, గేర్ల మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది. రాళ్ళకే వాడే బండికి ఇది బాగుంటుంది. రోడ్డు మీద కూడా తిరిగే బండికి అంత మంచిది కాదు.

బ్యాటరీ, మోటారు, టైరు కూడా గేర్లే

గేరు ముట్టుకోకుండానే గేరు మార్చినంత పని చేసేవి మూడున్నాయి.

మొదటిది బ్యాటరీ. రెండు సెల్లుల లైపో బ్యాటరీ 7.4 వోల్టులు, మూడు సెల్లులది 11.1 వోల్టులు. అంటే ఒకటిన్నర రెట్లు. మోటారు వేగం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. రెండు సెల్లుల మీద 15 పళ్ళతో వచ్చిన వేగమే మూడు సెల్లుల మీద 10 పళ్ళతో వస్తుంది. పైగా ఎక్కువ నిష్పత్తి వల్ల మోటారు చల్లగా ఉంటుంది. అయితే బ్యాటరీ మార్చే ముందు ఈఎస్‌సీ, మోటారు ఆ వోల్టేజిని తట్టుకుంటాయో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి.

రెండోది మోటారు. బ్రష్ మోటార్ల మీద 35టీ, 55టీ అని రాసి ఉంటుంది. అది తీగ చుట్ల సంఖ్య. చుట్లు ఎక్కువైతే వేగం తక్కువ, ఒక్కో ఆంపియరుకు వచ్చే టార్క్ ఎక్కువ. బ్రష్ లేని మోటార్ల మీద చుట్లకు బదులు కేవీ అని ఉంటుంది. ఇక్కడ కేవీ అంటే కేంద్రీయ విద్యాలయం కాదు! భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. క్రాలర్లకు తక్కువ కేవీ మోటార్లు నప్పుతాయి.

మూడోది టైరు. 120 మి.మీ. టైర్లు తీసి 130 మి.మీ. టైర్లు వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది, చూడటానికి గంభీరంగా ఉంటుంది. అదే సమయంలో గేరు కూడా పెరిగినట్టే. వేగం 13/12 రెట్లు అవుతుంది, లాగే బలం అంతమేర తగ్గుతుంది. 12 పళ్ళ పినియన్ తీసి 11 పెడితే 13/12 × 11/12 = 143/144. అంటే దాదాపు పాత స్థితికి వచ్చేశాం. పెద్ద టైర్లు కొనేవాళ్ళు ఒక చిన్న పినియన్ కూడా కొనడం అందుకే మంచిది.

పన్నుకు పన్ను కలవాలి

దుకాణంలో పినియన్ అడిగితే పళ్ళ సంఖ్య ఒక్కటే చెబితే చాలదు. పళ్ళ పరిమాణం కూడా చెప్పాలి. 32 పిచ్, 48 పిచ్ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. పిచ్ వ్యాసంలో ప్రతి అంగుళానికి ఎన్ని పళ్ళు అన్నదే ఈ అంకె. 32 అంటే లావు పళ్ళు, దెబ్బలు తట్టుకుంటాయి. 48 అంటే సన్న పళ్ళు, సాఫీగా, చప్పుడు లేకుండా తిరుగుతాయి, కానీ చిన్న రాయి పడితే విరుగుతాయి. ఒక రకం ఇంకో రకంతో ఎప్పటికీ కలవదు. అలాగే మోటారు షాఫ్ట్ మందం చూసుకోవాలి. 540 సైజు మోటార్లలో అది మామూలుగా 3.17 మి.మీ.

పినియన్ మార్చాక మోటారును ముందుకో వెనక్కో జరిపి పళ్ళ మధ్య ఎడం సరిచేయాలి. నోటుపుస్తకం కాగితపు ముక్క ఒకటి రెండు గేర్ల మధ్య పెట్టి, దగ్గరకు నొక్కి, మోటారు స్క్రూలు బిగించి, తర్వాత కాగితాన్ని తిప్పి బయటకు తీస్తే ఎడం సరిపోతుంది. మరీ బిగువైతే వేడెక్కి కీచుమంటుంది, మరీ వదులైతే పళ్ళు తెగిపోతాయి. స్పర్ ప్లాస్టిక్‌ది, పినియన్ ఉక్కుది అయితే తెగేది స్పరే. దాన్ని లోపంగా చూడక్కర్లేదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు తక్కువ ఖరీదు భాగం ముందు పోయి, లోపలి గేర్‌బాక్సును కాపాడుతుంది.

ఇక్కడ మన క.సా.గు. పాఠం ఒక చక్కని పని చేస్తుంది. 14, 56ల క.సా.గు. 56. అంటే పినియన్‌లో ప్రతి పన్నూ స్పర్‌లో ఎప్పుడూ అవే నాలుగు పళ్ళను తాకుతుంది. ఒక పన్ను దెబ్బతింటే అది తాకే పళ్ళే మళ్ళీ మళ్ళీ అరుగుతాయి. 13, 56లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు, వాటి క.సా.గు. 728. పినియన్ 56 చుట్లు తిరిగితే గానీ ఒక జత పళ్ళు మళ్ళీ కలవవు. ప్రతి పన్నూ అన్ని పళ్ళనూ తాకుతుంది కాబట్టి అరుగుదల సమానంగా పంచుకుంటాయి. 13కూ 14కూ మధ్య ఏది కొనాలో తేలనప్పుడు ఈ లెక్క ఒక ఓటు వేస్తుంది.

ఊరు మారితే గేరు మారాలి

మనలో చాలామందికి మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారుతుంది. పుస్తకాలతో, సైకిలుతో పాటు బండి కూడా మూటలో వస్తుంది. పాత ఊళ్ళో హాయిగా నడిచిన బండి కొత్త ఊళ్ళో మొరాయిస్తే అది పాడైందని అనుకోవద్దు. నేల మారింది, అంతే.

సికింద్రాబాదు చుట్టుపక్కల గ్రానైటు గుండ్లు ఉంటాయి. ఎండినప్పుడు ఆ గరుకు రాయి టైరును బాగా పట్టుకుంటుంది. చిన్న పినియన్, నిదానపు నడక అక్కడ రాణిస్తాయి. అదే బండి జైసల్మేరు ఇసుకలోకి వెళ్తే ఊపు చాలక కూరుకుపోతుంది. అక్కడ రెండు మూడు పళ్ళు కలపాలి. షిల్లాంగు లాంటి వానల ఊళ్ళో తడి మట్టికి కూడా చక్ర వేగం కావాలి. విశాఖ సముద్రపు ఒడ్డున ఇసుకతో పాటు ఉప్పు ఉంటుంది. ఆడిన రోజే తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, బేరింగులకు నూనె వేయకపోతే తుప్పు పట్టేస్తుంది.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ పెట్రోలు ఇంజన్లకు గాలి చాలక బలం తగ్గుతుంది. మన కరెంటు మోటారుకు ఆ బాధ లేదు. కానీ పలుచని గాలి మోటారును చల్లార్చడంలో వెనకబడుతుంది, చలికి లైపో బ్యాటరీ వోల్టేజి త్వరగా పడిపోతుంది. చల్లటి ఊరు కదా అని మోటారు మీద వేలు పెట్టి చూడటం మానకూడదు.

బదిలీ సామాను సర్దేటప్పుడు ఇంకో జాగ్రత్త. లైపో బ్యాటరీని పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ మూట కట్టవద్దు. ఒక్కో సెల్లు సుమారు 3.8 వోల్టుల దగ్గర ఉండేలా చేసి, బండి నుంచి విప్పి, తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా చూసి విడిగా పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని అసలు తీసుకెళ్ళకూడదు. ఈ పని పెద్దవాళ్ళ ఎదుటే చేయండి.

ఏ వరుసలో మార్చాలి?

చివరగా, తక్కువ ఖర్చుతో ఎక్కువ తెలుసుకునే వరుస ఇది. ముందుగా మీ బండి పళ్ళన్నీ లెక్కపెట్టి మొత్తం నిష్పత్తి కట్టండి. ఇప్పుడు ఉన్న గేర్లతో మీ ఊరి నేల మీద ఒక వారం నడపండి. ఎక్కడ ఆగిపోతోందో చూడండి. టైరు జారి ఆగిపోతే తప్పు గేరుది కాదు, టైరుదీ బరువుదీ. టైరు జారకుండానే మోటారు మూలుగుతూ ఆగిపోతే, లేదా చెయ్యి పెట్టలేనంత కాలిపోతే పినియన్‌లో ఒకటి రెండు పళ్ళు తగ్గించండి. ఎక్కడమంతా బాగుండి మిత్రుల వెనక పడిపోతుంటే ఒకటి రెండు పళ్ళు పెంచండి. ఒకేసారి రెండు భాగాలు మార్చవద్దు. మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. ప్రయోగశాలలో మనం పాటించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

మార్చిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో తేదీ, పినియన్ పళ్ళు, టైరు కొలత, బ్యాటరీ ఎన్ని నిమిషాలు వచ్చింది, మోటారు ఎంత వేడెక్కింది అన్నవి రాసుకోండి. ఊరు మారినప్పుడు కొత్త పేజీ తెరిచి పైన ఆ ఊరి పేరు, అక్కడి నేల ఎలాంటిదో రాయండి. నాలుగు ఊళ్ళు తిరిగాక ఆ పుస్తకంలో ఉండే సమాచారం ఏ దుకాణంలోనూ దొరకదు. కొత్త బడిలో ఎవరి దగ్గరైనా ఇలాంటి బండి ఉంటే, మొదటి రోజు మాట కలపడానికి "నీ పినియన్‌కు ఎన్ని పళ్ళు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.